ఈఎస్‌సీ ఏది కొనాలి? ఆంపియర్ల అంకె కంటే ముందు చూడాల్సినవి

మా వీధిలో బీటెక్ మూడో సంవత్సరం చదివే కుర్రాడు మొన్న ఆదివారం ఫోన్ పట్టుకుని వచ్చాడు. మూడు ఈఎస్‌సీల ఫొటోలు చూపించాడు. ఈఎస్‌సీ అంటే రిమోట్‌తో నడిచే బొమ్మ విమానాల్లో, కార్లలో, డ్రోన్లలో మోటారు వేగాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్. మూడింటి మీదా 30 ఆంపియర్లు అనే ఉంది. ఒకటి నాలుగైదు వందలు, రెండోది దానికి మూడు రెట్లు, మూడోది డ్రోన్లకి నాలుగు కలిపి ఒకే బోర్డుగా వచ్చేది. "అన్నా, మూడూ ముప్ఫయ్యే కదా, చవకది తీసుకుంటే పోలా?" అన్నాడు.

"దేనికి పెడతావ్?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ముందు విమానానికి. సెలవుల్లో తీసి కారుకి పెడతా" అన్నాడు.

చిక్కంతా అక్కడే ఉంది. విమానానికి చేసిన ఈఎస్‌సీలో మామూలుగా రివర్సు ఉండదు. కారుకి పెడితే గోడ దగ్గరికి వెళ్ళి ఆగిపోతుంది, చేత్తో వెనక్కి తీసుకురావాలి. డ్రోన్ బోర్డు విమానంలో పెడితే సర్వోలకి (రెక్కల పలకల్ని కదిపే చిన్న మోటార్లకి) కరెంటు ఇచ్చే దారి వేరే వెతుక్కోవాలి. అంకె ఒకటే అయినా పని ఒకటి కాదు.

2024 అక్టోబరులో విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లతో ఆకాశంలో బొమ్మలు వేసిన రాత్రి నుంచి మా చుట్టుపక్కల పిల్లలకి ఈ పిచ్చి బాగా పట్టింది. అడిగినవాళ్ళందరికీ ఒకటే సమాధానం చెప్పి అలసిపోయాను. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

ఈఎస్‌సీ చేసే పని

బ్యాటరీకీ మోటారుకీ మధ్య కూర్చునే స్పీడ్ కంట్రోలర్ ఇది. రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్ నుంచి సెకనుకి సుమారు 50 సార్లు ఒక చిన్న పల్స్ వస్తుంది. ఆ పల్స్ ఒక మిల్లీసెకను ఉంటే మోటారు ఆగాలి, రెండు మిల్లీసెకన్లు ఉంటే పూర్తి వేగంతో తిరగాలి. (రివర్సు ఉన్న కారు ఈఎస్‌సీలో ఆగే చోటు మధ్యలో, ఒకటిన్నర దగ్గర ఉంటుంది.) ఈఎస్‌సీ అది చదివి, లోపలున్న ట్రాన్సిస్టర్లని సెకనుకి వేలసార్లు వేసి ఆర్పుతుంది. ఫ్యాన్ రెగ్యులేటర్‌కి చుట్టం అనుకోండి, కానీ చాలా తొందర మనిషి.

కొనేముందు చూడాల్సినవి

మొదటిది మోటారు. రెండు వైర్లుంటే బ్రష్డ్, మూడు వైర్లుంటే బ్రష్‌లెస్. దీని ఈఎస్‌సీ దానికి పనికిరాదు. ఇందులో ఆలోచించేదేమీ లేదు.

రెండోది బ్యాటరీ. లైపోలో (లిథియం పాలిమర్ బ్యాటరీలో) ఒక్కో సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు. 3ఎస్ అంటే మూడు సెల్స్, 12.6 వోల్టులు; 4ఎస్ అంటే నాలుగు, 16.8. ఈఎస్‌సీ మీద 2-3ఎస్ అని ఉంటే 4ఎస్ పెట్టకూడదు. "కాసేపే కదా" అంటారు కొందరు. కాలడానికి ఆ కాసేపు చాలు. బ్యాటరీ రకం కూడా సెట్టింగ్‌లో సరిగ్గా ఉండాలి. లైపో పెట్టి నైమ్‌హెచ్ (నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ) సెట్టింగ్ వదిలేస్తే, ఆగాల్సిన చోట ఆగకుండా బ్యాటరీని పూర్తిగా పీల్చేస్తుంది. బ్యాటరీ ఉబ్బిపోయాక అర్థమవుతుంది.

మూడోది ఆంపియర్లు. దీని గురించి అపోహలు ఎక్కువ కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

60 ఆంపియర్ల ఈఎస్‌సీ పెడితే మోటారులోకి 60 ఆంపియర్లు తోసేస్తుందని చాలామంది భయం. అలా జరగదు. మోటారు, ప్రొపెల్లర్ కలిసి ఎంత లాగితే అంతే పోతుంది. పెద్ద ఈఎస్‌సీ వల్ల నష్టం బరువు, డబ్బు, అంతే. చిన్నది పెడితే మాత్రం కాలుతుంది. లోపలి వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 20 ఆంపియర్ల దగ్గర ఉన్న వేడి 40 దగ్గర రెండింతలు కాదు, నాలుగింతలు.

పైగా ఆ 30 అనే అంకె బాగా గాలి తగులుతున్నప్పటి లెక్క. మన దగ్గర మే నెలలో ఎండ ముదిరిన రోజున మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు చూస్తాం. బెజవాడని బ్లేజ్‌వాడ అన్నది ఊరికే కాదు కదా. చల్లని ఊళ్ళో 25 డిగ్రీల దగ్గర మొదలయ్యే ఈఎస్‌సీ మన దగ్గర 45 నుంచి మొదలవుతుంది. అంటే 20 డిగ్రీలు ముందే ఖర్చయిపోయినట్టు. దాన్ని స్పాంజి ముక్కల మధ్య ఇరికించి టేపు చుట్టేస్తే ఇంక చెప్పక్కర్లేదు.

కాబట్టి వాట్ మీటర్ పెట్టి ఫుల్ థ్రాటిల్ దగ్గర ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూడండి. దానికి సగం కలిపి ఈఎస్‌సీ తీసుకోండి. 20 లాగితే 30, 26 లాగితే 40. శీతాకాలంలో మాత్రమే ఆడేవాళ్ళకి మూడోవంతు కలిపినా సరిపోతుంది. ఇంకో సంగతి: చవక ఈఎస్‌సీలు ఫుల్ థ్రాటిల్ కంటే ముప్పావు థ్రాటిల్ దగ్గర ఎక్కువ వేడెక్కడం మామూలే. ట్రాన్సిస్టర్ ఆరిన ప్రతిసారీ మోటారులో మిగిలిన కరెంటు దాని జత ట్రాన్సిస్టర్ లోపలి డయోడ్ గుండా తిరిగి, అక్కడ వేడిగా మారుతుంది. "ఫుల్లు ఇవ్వలేదు కదా, ఎందుకు కాలింది?" అన్నవాళ్ళకి సమాధానం చాలాసార్లు ఇదే.

నాలుగోది బీఈసీ. ఎవరూ పట్టించుకోనిది, నన్ను ముంచింది ఇదే.

బీఈసీ అంటే ఈఎస్‌సీలోనే ఉండే చిన్న సరఫరా. పెద్ద బ్యాటరీ నుంచి 5 వోల్టులు తీసి రిసీవర్‌కీ సర్వోలకీ ఇస్తుంది. లీనియర్ అని ఒక రకం, స్విచింగ్ అని ఇంకో రకం. లీనియర్ రకం మిగిలిన వోల్టేజీనంతా వేడిగా తగలేస్తుంది. ఎంత వేడో లెక్క ఇదిగో:

| బ్యాటరీ (నిండుగా) | తగలేసే వోల్టులు | అర ఆంపియర్ వాడితే వేడి | ఒక ఆంపియర్ వాడితే వేడి |
|---|---|---|---|
| 2ఎస్ (8.4) | 3.4 | 1.7 వాట్లు | 3.4 వాట్లు |
| 3ఎస్ (12.6) | 7.6 | 3.8 వాట్లు | 7.6 వాట్లు |
| 4ఎస్ (16.8) | 11.8 | 5.9 వాట్లు | 11.8 వాట్లు |

చివరి గడి చూడండి. మనం వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో దాదాపు సగం వేడి, గోరంత చిప్‌లో.

నాకిది లెక్కలో కాదు, పొలంలో తెలిసింది. నాలుగు సర్వోల థర్మకోల్ విమానం, చవక 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, దాని మీద 4 సెల్స్ వరకు పర్లేదు అని రాసి ఉంది. గుంటూరు దగ్గర మా మావయ్య వాళ్ళ పొలంలో, మిరపకోత అయిపోయి మోళ్ళు మిగిలిన రోజులవి. నాలుగు నిమిషాలు బాగానే ఎగిరింది. ఐదో నిమిషంలో స్టిక్ తిప్పితే పలకలేదు. మోటారు తిరుగుతూనే ఉంది, తర్వాత అదీ ఆగింది. ముక్కు కిందకి వేసి పక్క చేలో మొక్కజొన్నలో దిగబడింది. "ఏరా, గాలిపటం తెగిందా?" అన్నాడు మావయ్య గట్టు మీద నుంచి. ఇంటికొచ్చి చల్లారాక పెట్టి చూస్తే అన్నీ పనిచేశాయి. మోటారు లాగింది 18 ఆంపియర్లే. ముప్ఫై అనే అంకె అబద్ధం కాదు, దెబ్బ కొట్టింది అది కాదు అంతే. వేడెక్కిన బీఈసీ తనని తాను ఆర్పుకుంది, దాంతో రిసీవర్ ఆరిపోయింది.

అప్పటి నుంచి నా నియమం: 3ఎస్‌తో రెండు మూడు చిన్న సర్వోలు ఉంటే లీనియర్ చాలు. 4ఎస్ అయినా, నాలుగు సర్వోలయినా స్విచింగ్ బీఈసీ తప్పనిసరి. ఈఎస్‌సీలో లేకపోతే యూబీఈసీ (విడిగా దొరికే స్విచింగ్ బీఈసీ) కొని పెట్టండి. అప్పుడు ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వెళ్ళే మూడు వైర్లలో ఎర్రదాన్ని పిన్‌తో సహా బయటికి లాగి టేపు చుట్టేయాలి. లేకపోతే రెండు సరఫరాలు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి.

ఇక ఒక్కొక్కటీ

*బ్రష్డ్ కారు ఈఎస్‌సీ.* పిల్లల కారుకీ, రాళ్ళెక్కే క్రాలర్‌కీ నేనైతే ఇప్పటికీ ఇదే చెప్తాను. పాతకాలపుదని చిన్నచూపు చూడక్కర్లేదు. చాలా నెమ్మదిగా, కుదుపు లేకుండా కదులుతుంది. మోటారు చవక, అరిగితే మార్చుకోవచ్చు. హాబీవింగ్ క్విక్‌రన్ 1060 రకం చాలామంది వాడతారు. చిన్న జంపర్ పిన్ మార్చి లైపోనా నైమ్‌హెచ్చా, రివర్సు కావాలా వద్దా అని ఎంచుకోవచ్చు. సెట్టింగ్‌లు మార్చే ప్రోగ్రాం కార్డులు విడిగా కొనే గొడవ లేదు. నీళ్ళు పడినా తట్టుకుంటుంది. క్రాలర్‌కే అయితే 1080 రకం చూడండి. స్టిక్ వదలగానే వాలు మీద కారుని పట్టి ఉంచే డ్రాగ్ బ్రేక్‌ని దాంట్లో ఎక్కువ తక్కువ చేసుకోవచ్చు. వేసవిలో బ్యారేజీ దిగువన ఇసుకలో ఆడేవాళ్ళకి ఒక మాట: ఇసుకలో చక్రం కూరుకుపోతే మోటారు కరెంటు అమాంతం పెరుగుతుంది. వేలు పెట్టి చూసి, రెండు సెకన్లు కూడా ఉంచలేకపోతే ఆపేసి నీడలో పెట్టండి.

*బ్రష్‌లెస్ కారు ఈఎస్‌సీ.* వేగం కావాలంటే ఇదే. సెన్సర్ ఉన్నదా లేనిదా అన్నదే ఇక్కడ తేల్చుకోవాల్సింది. సెన్సర్ లేని ఈఎస్‌సీ, మోటారు తిరిగేటప్పుడు అందులో పుట్టే వోల్టేజీని చూసి రోటర్ ఎక్కడుందో ఊహిస్తుంది. ఆగి ఉన్న మోటారులో ఆ వోల్టేజీ పుట్టదు. అందుకే బయలుదేరేటప్పుడు ఎద్దులబండి రాయెక్కినట్టు కుదుపు వస్తుంది. సెన్సర్ కేబుల్ ఉంటే ఆ బాధ లేదు, ఖర్చు ఎక్కువ. ఖాళీ మైదానంలో రయ్యిమని తోలడానికే అయితే సెన్సర్ లేనిది చాలు. ఇంటి మేడ మీద, అపార్ట్‌మెంట్ సెల్లారులో నెమ్మదిగా మలుపులు తిప్పేవాళ్ళు సెన్సర్ ఉన్నది కొనుక్కోవాలి. నల్లరేగడి దుమ్ము ఈఎస్‌సీ మీద ఉండే చిన్న ఫ్యానుని రెండు నెలల్లో బిగుసుకుపోయేలా చేస్తుంది. పాత పెయింటింగ్ బ్రష్‌తో దులుపుతూ ఉండండి.

*చవక విమానం ఈఎస్‌సీ.* ఏ2212 మోటారుతో జతగా వచ్చే ఆ 30 ఆంపియర్లది. నేను తిట్టానని చెడ్డదనుకోవద్దు. 1000 కేవీ మోటారు (ఇక్కడ కేవీ అంటే కిలోవోల్టు కాదు, ఒక్కో వోల్టుకి నిమిషానికి తిరిగే చుట్లు), 10 అంగుళాల ప్రొపెల్లర్, 3ఎస్ బ్యాటరీ, రెండు మూడు 9 గ్రాముల సర్వోలు ఉన్న మొదటి విమానానికి ఇది చక్కగా సరిపోతుంది. ఆ మోటారు లాగేది సుమారు 12 నుంచి 15 ఆంపియర్లు. ఎగరడం నేర్చుకునేటప్పుడు నాలుగుసార్లు నేలకి కొడతారు. ఖరీదైనది పెట్టి ఏడవడం ఎందుకు? లోపం ఏమిటంటే ఒక్కో ముక్క ఒక్కోలా ఉంటుంది. ఒకే పెట్టెలో వచ్చిన రెంటిలో ఒకటి మూడేళ్ళు పనిచేసింది, ఇంకోటి మూడో రోజే పొగ వేసింది. ష్రింక్ ట్యూబు పైనుంచే సోల్డరింగ్ అతుకులు ఒకసారి చూసుకోండి.

*స్విచింగ్ బీఈసీ ఉన్న విమానం ఈఎస్‌సీ.* హాబీవింగ్ స్కైవాకర్ లాంటివి. కొనేటప్పుడు స్విచింగ్ అనే మాట వివరాల్లో ఉందో లేదో చదవండి, ఒకే పేరుతో రెండు రకాలూ అమ్మారు. రెండో విమానానికీ, 4ఎస్‌కీ, బరువైన సర్వోలకీ ఇదే. బ్యాటరీ అయిపోతున్నప్పుడు మోటారుని ఒక్కసారి కోసేయకుండా, మెల్లగా పవర్ తగ్గించే సెట్టింగ్ పెట్టుకోవాలి. లేకపోతే గాలిలో ఉండగా ఆగిపోతుంది, కింద ఏ అరటితోటో ఉంటే వెతుక్కోవడమే.

*డ్రోన్ ఈఎస్‌సీలు.* ఇక్కడ మోటారు వేగం క్షణక్షణం మారాలి కాబట్టి ఫర్మ్‌వేర్, అంటే ఈఎస్‌సీ లోపల నడిచే సాఫ్ట్‌వేర్, ముఖ్యం. వాటిలో బీఎల్‌హెలీ ఎస్ పాతదీ చవకదీ. దాని బదులు బ్లూజే అనే ఉచిత ఫర్మ్‌వేర్ వేసుకుంటే మోటారు ఎంత వేగంతో తిరుగుతోందో ఫ్లైట్ కంట్రోలర్‌కి (డ్రోన్‌ని నిలకడగా ఉంచే బోర్డుకి) తిరిగి చెప్తుంది. ఆ బోర్డులో నడిచే బీటాఫ్లైట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ సమాచారంతో వణుకు తగ్గించుకోవచ్చు. బీఎల్‌హెలీ 32 చాలాకాలం మేటి అనిపించుకుంది, కానీ 2024లో దాన్ని ఆపేశారు. పాత స్టాకు తక్కువకి వస్తే వాడుకోవడానికి ఇబ్బంది లేదు, కొత్తగా కొనేవాళ్ళు మాత్రం ఏఎం32 ఉన్నది చూడండి. అది ఓపెన్ సోర్స్, ఒక కంపెనీ మూతపడితే ఆగిపోయేది కాదు.

నాలుగు కలిసిన బోర్డా, విడివిడిగానా? 5 అంగుళాల ప్రొపెల్లర్ల రేసింగ్ డ్రోన్‌కి కలిసినదే మేలు: తేలిక, వైర్లు తక్కువ. కానీ ఒక మూల కాలితే బోర్డు మొత్తం మార్చాలి. కాలేజీ ప్రాజెక్టులో చేసే 450 మిల్లీమీటర్ల సైజు ఫ్రేముకి విడివిడివే పెట్టండి. రివ్యూ ముందు రోజు రాత్రి ఒకటి కాలినా పక్క టీమ్ దగ్గర అప్పు తెచ్చుకోవచ్చు. ఆ టెన్షన్ పడ్డవాళ్ళకి తెలుస్తుంది ఈ మాట విలువ.

తయారైన డ్రోన్లని విదేశాల నుంచి తెప్పించుకోవడం 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం, విడిభాగాలకి ఆ నిషేధం లేదు. ఎగరేసే ముందు గన్నవరం ఎయిర్‌పోర్టు దూరం గుర్తుంచుకుని డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో మీ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి.

*పడవ ఈఎస్‌సీ.* నీటి గొట్టాలు తగిలించుకునే రెండు ముక్కులు ఉన్నదే కొనాలి. పడవ ముందుకి పోయేటప్పుడు కింది నీరు గొట్టంలోకి ఎక్కి ఈఎస్‌సీని చల్లబరిచి బయటికి పోతుంది. అంటే పడవ ఆగితే చల్లదనం కూడా ఆగుతుంది. మన బందరు కాలువ, రైవస్ కాలువల్లో అసలు శత్రువు గుర్రపుడెక్క. వేరు ప్రొపెల్లర్‌కి చుట్టుకోగానే మోటారు బిగుసుకుని కరెంటు ఎగబాకుతుంది. పడవ ఆగింది కాబట్టి నీరూ రాదు. రెండూ ఒకేసారి! పడవ ముక్కుతూ ఉంటే థ్రాటిల్ పెంచకండి, వెంటనే వదిలేయండి. ఇక్కడ మాత్రం సగం కలపడం చాలదు, రెండింతలు పెట్టుకోండి. బురద పట్టిన గొట్టంలోకి ఇంజక్షన్ సిరంజితో మంచినీళ్ళు కొడితే శుభ్రమవుతుంది.

ఎవరికి ఏది

| మీరు చేసేది | తీసుకోవాల్సింది | రాజీపడేది |
|---|---|---|
| పదేళ్ళ పిల్లాడి కారు, క్రాలర్ | బ్రష్డ్, 60 ఆంపియర్ల రకం | వేగం |
| మైదానంలో వేగం | సెన్సర్ లేని బ్రష్‌లెస్ | బయలుదేరేటప్పుడు కుదుపు |
| మొదటి థర్మకోల్ విమానం, 3ఎస్ | చవక 30 ఆంపియర్లది | నమ్మకం |
| రెండో విమానం, 4ఎస్ లేదా నాలుగు సర్వోలు | స్విచింగ్ బీఈసీ ఉన్న 40 ఆంపియర్లది | డబ్బు |
| కాలేజీ డ్రోన్ | విడివిడి ఈఎస్‌సీలు | బరువు |
| రేసింగ్ డ్రోన్ | నాలుగు కలిసినది, ఏఎం32 | ఒకటి కాలితే అన్నీ |
| కాలువలో పడవ | నీటితో చల్లబడేది, రెండింతలు | బరువు, డబ్బు |

మా కుర్రాడికి ఏం చెప్పానంటే, విమానానికి ఆ చవకదే తీసుకో, కారుకి దాన్ని పీకి పెట్టే ఆలోచన మానుకో అన్నాను. కారుకి వేరేది కొన్నా, ఆ రెండిటి ధర కలిపితే అతను చూపించిన మూడోదాని ధరకీ దానికీ పెద్ద తేడా ఉండదు. రెండు రోజులు లెక్కలు వేసుకుని అదే చేశాడు.

బిగించేటప్పుడు

బ్యాటరీ వైపు వైర్లు పొడిగించొద్దు. వైరు పొడవు పెరిగేకొద్దీ వోల్టేజీ కుదుపులు పెరిగి ఈఎస్‌సీలోని కెపాసిటర్లని తినేస్తాయి. పొడవు కావాలంటే మోటారు వైపు మూడు వైర్లని పెంచుకోండి. మోటారు తిరగాల్సిన వైపు తిరగకపోతే ఆ మూడింటిలో ఏ రెంటినైనా అటూ ఇటూ మార్చండి. బ్యాటరీ వైర్లని మార్చారో, పొగే.

ఈఎస్‌సీ ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటాను, ష్రింక్ ట్యూబు, సిలికాన్ వైరు, కనెక్టర్లు మాత్రం గవర్నర్‌పేటలో చేత్తో పట్టుకుని చూసి కొంటాను. ఆటోనగర్ వైపు వెళ్తే ఇంకో వస్తువు కూడా తెచ్చుకోండి: కారు ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల, 21 వాట్ల బల్బు. దాన్ని బ్యాటరీ ఎర్ర వైరుకి మధ్యలో సిరీస్‌లో కలిపి, ప్రొపెల్లర్ తీసేసి, కొత్త ఈఎస్‌సీకి మొదటిసారి కరెంటు ఇవ్వండి. బల్బు తళుక్కుమని ఆరిపోతే అంతా సవ్యంగా ఉన్నట్టు, బల్బు తీసేసి మామూలుగా కలపొచ్చు. వెలిగి అలాగే ఉండిపోతే ఎక్కడో షార్టు ఉంది. వెంటనే పీకేయండి. బల్బు అడ్డు ఉంది కాబట్టి సుమారు రెండు ఆంపియర్లకి మించి పోలేదు, ఈఎస్‌సీ ఇంకా బతికే ఉండొచ్చు. మా కుర్రాడి సోల్డరింగ్‌లో ఒక వెంట్రుకంత తీగ పక్క పిన్‌కి తగులుతోందని మొన్న ఆ బల్బే చెప్పింది.